పేరు లేని పురుగు

మాస్టరు ఆదివారం షాపు తెరవడు.
బూర్జ దాటిన సైకిలు, వెనక క్యారేజీ మీద నేను,
నా ఒళ్ళో వెదురు గెడ, బిస్కెట్ల రేకుడబ్బా.
డబ్బాలో కత్తిరించగా మిగిలిన దారాలు,
డేగపుంజు మెడ ఈకలు మూడు,
ముల్లు ఆకురాయితో అరగదీసిన గేలాలు.

ముల్లు లేకపోతే చేప జారిపోదా అన్నాను.
"పోనీ గుంటా. పట్టుబట్ట జారతాదని కుట్టడం మానేసినామేటి?"
అది జవాబు కాదని నాకు తెలుసు.
గవరయ్య మాస్టరుకీ తెలుసు.

నారాయణపురం ఆనకట్ట దిగువన
నాగావళి బండల్ని ఒరుసుకుంటూ పాయలైపోతుంది.
ఒక పాయ మాత్రం, దారిలో ఏదో మరిచినట్టు,
పక్కకి తిరిగి తుంగలో ఆగుతుంది.
మోకాటి లోతు. డికాషన్ రంగు నీళ్ళు.
అక్కడుంటాడు కొర్రమీను.

వానపాము గుచ్చితే ఎవడికైనా పడతాడంటాడు మాస్టరు.
గేలం నడుముకి నల్లదారం ఏడు చుట్లు,
ఈక పోగుల్ని ఉమ్మితడి వేళ్ళతో వెనక్కి దువ్వి
ఇంకో నాలుగు చుట్లు, ముడి, పంటితో తెంపు.
నేను కాజాలు కుట్టే పిల్లని.
నా ముడి ఊడదు.

విసరడమే రాలేదు చాన్నాళ్ళు.
నా జడకి తగిలింది, ఓణీకి తగిలింది,
తుమ్మకొమ్మకి తగిలి మూడు వారాలు అక్కడే ఎండింది.
"మోచెయ్యి కాదు. మణికట్టు. కత్తెర మూసినంత."
తాడు వెనక్కి పూర్తిగా పోవాలి,
పోయిందని వీపుకి తెలియాలి,
అప్పుడు ముందుకి.
నీటి మీద ఈక వాలితే చప్పుడుండకూడదు.

భాద్రపదంలో ఒక పొద్దున
తుంగ అంచున నీళ్ళు ఎర్రగా ఉడుకుతూ కనిపించాయి.
పసుపులో సున్నం పడ్డ రంగు, చాపంత వెడల్పు.
మాస్టరు బీడీ కోసం అటు తిరిగాడు.
నేను సరిగ్గా ఆ ఎరుపు మధ్యకి విసిరాను,
నా బతుకులో అంత బాగా ఎప్పుడూ విసరలేదు.

ఏరు పగిలింది.
గెడ విల్లయి, నా మడమలు ఇసకలోకి దిగి,
ఒక నల్లటి కండ అటు, నేను ఇటు.
గట్టుకి లాగేసరికి నేను నవ్వుతున్నాను, గట్టిగా,
ఆనకట్ట మీద బట్టలుతికే వాళ్ళు చూసేంత.

మాస్టరు నవ్వలేదు.
మెడలో టేపు ఆదివారం కూడా తీయడు కదా,
తీసి, తల నుంచి తోక దాకా పెట్టాడు.
"ఇరవై రెండు."
కొలిచినప్పుడు చాతీ ఎంతో చెప్పే గొంతే.
తర్వాత నీళ్ళకేసి గెడ్డం ఊపాడు.

ఎరుపు చెదిరిపోయింది.
అవి పిల్లలు. వేలి గోరంత పిల్లలు.
తలుపు తీసిన ఇంట్లోకి కోళ్ళు దూరినట్టు
నలువైపుల నుంచీ దూరుతున్నాయి
పరిగెలు, జెల్లలు, పేరు తెలియని నోళ్ళు.

"ఆకలికి రాలేదే ఈడు," అన్నాడు, "కోపానికొచ్చినాడు."

సంతలో నాలుగొందలు.
ఇంట్లో అమ్మ చింతపండు నానబెట్టి ఉంటుంది.
ఇవన్నీ అనుకున్నాను, అబద్ధం ఎందుకు.
గేలం దానంతటదే వచ్చేసింది, ముల్లు లేదుగా.
రెండు చేతులతో నీళ్ళలో పట్టుకుంటే
కాసేపు కదల్లేదు.
మొప్పలు తెరిచి మూసి, తెరిచి,
ఒక్క తోపు తోసింది నా అరచేతిని.

గుంపు మళ్ళీ చేరింది, చాపంత కాదు.
ఎన్ని తగ్గాయో లెక్క లేదు,
ముందు ఎన్నున్నాయో చూసిందెవరు.
తిరుగుదారిలో మాస్టరు చైను పడిపోయిందని
రెండుసార్లు దిగాడు. ఒకసారే పడింది.

ఆ ఈక ఇప్పుడు మిషను పక్కన
గుండుసూదుల మెత్తలో గుచ్చి ఉంది, తోక కొరుక్కుపోయి.
స్కూలు నిక్కరు కొలతకొచ్చిన పిల్లాడు వేలు పెట్టబోయి
ఇదే పురుగు తాతా అని అడిగాడు.
మాస్టరు నడుం చుట్టూ టేపు తిప్పుతూ
"పేరు నేదురా. సేపనడగాల," అన్నాడు.
నేను పుస్తకంలో ఇరవై రెండు అని రాసుకున్నాను.
పిల్లాడి నడుం అంతే.